పాత రైఫిల్ స్కోపు: కొన్న దగ్గర్నుంచి గురి కుదిరేదాకా నా అనుభవం

పాత స్కోపు (రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్భిణి) ఏది చేతికొచ్చినా నేను ముందు కొలిచేది దాని గొట్టం మందం. అద్దాలు, కంపెనీ పేరు, నంబరు అన్నీ ఆ తర్వాతే. 1930లలో అమెరికాలో విరివిగా అమ్ముడైన వీవర్ 330 గొట్టం ముప్పావు అంగుళం, అంటే 19 మి.మీ. లైమన్ అలాస్కన్‌ది 7/8 అంగుళం, 22.2 మి.మీ. 1947లో వచ్చిన వీవర్ కె సిరీస్‌ది ఒక అంగుళం, 25.4 మి.మీ. జర్మన్, ఆస్ట్రియన్ స్కోపుల్లో 26 మి.మీ. తరచు కనిపిస్తుంది. ఈ అంకె తెలిస్తేనే గొట్టాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులు దొరుకుతాయో లేదో తెలుస్తుంది. రింగులు లేని స్కోపు అల్మారాలో పెట్టుకోవడానికి బాగుంటుంది, రైఫిల్ ఎక్కదు.

26 మి.మీ. గొట్టాన్ని అంగుళం రింగులో ఎలాగోలా ఇరికించవచ్చనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. తేడా అర మిల్లీమీటరు పైచిలుకే, నిజమే. కానీ బిగించేకొద్దీ గొట్టం గుండ్రదనం పోతుంది, లోపలి అద్దాల గూడు పట్టేస్తుంది, టరెట్ (గురి సవరించే బుడిపె) తిప్పినా క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డం నిలువు గీతలు) కదలదు. రింగుని లోపల అరగదీసి అంత తేడా పూడ్చడం కూడా మంచి పని కాదు. 26 మి.మీ. రింగులే వెతుక్కోవాలి, లేదా 30 మి.మీ. రింగుల్లో 26కి తగ్గించే తొడుగులు వేసుకోవాలి. ముప్పావు అంగుళం గొట్టాన్ని మాత్రం అంగుళం రింగులో తొడుగుతో హాయిగా కూర్చోబెట్టవచ్చు. తొడుగు గొట్టమంతా సమంగా తాకితే చాలు.

రింగుల గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, పాత స్కోపులో గురి కుదిర్చే పని ఎక్కువ భాగం మౌంట్ (రైఫిల్ మీది బేస్, దాని మీది రింగులు కలిపి) చేస్తుంది, టరెట్ కాదు. 1950ల చివరి దాకా చాలా స్కోపుల్లో టరెట్ తిప్పితే కదిలేది క్రాస్‌హెయిర్ ఒక్కటే, దాని చుట్టూ ఉన్న దృశ్యం కదలదు. పది చుట్లు ఎడమకి తిప్పితే క్రాస్‌హెయిర్ నిజంగానే ఎడమ అంచుకి పోయి కూర్చుంటుంది. కొత్తగా చూసేవాళ్లు స్కోపు పాడైందని దాన్ని వెనక్కి ఇచ్చేస్తారు. అది పాడవలేదు, పాత పద్ధతి అంతే. ఆ తర్వాతి స్కోపుల్లో దృశ్యాన్ని నిటారుగా తిప్పే లోపలి గొట్టం మొత్తం కదులుతుంది కాబట్టి క్రాస్‌హెయిర్ ఎప్పుడూ మధ్యలోనే ఉన్నట్టు కనిపిస్తుంది.

మొదటి రకం స్కోపుని రైఫిల్ మీద పెట్టేటప్పుడు టరెట్లని మధ్యలో ఉంచి, గురిని వీలైనంతవరకు మౌంట్‌లోనే తెచ్చుకోవాలి. టరెట్లకి మిగలాల్సింది చివరి చిన్న సవరణే. ఆ కాలపు మౌంట్లు కూడా ఈ లెక్కతోనే తయారయ్యాయి. రెడ్‌ఫీల్డ్ జూనియర్ బేస్‌కి వెనక రెండు పక్కలా పెద్ద స్క్రూలు ఉండేది అందుకే: ఒకటి వదులు చేసి రెండోది బిగిస్తే స్కోపు వెనక భాగం అడ్డంగా జరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఎం1903ఎ4 స్నైపర్ రైఫిల్ మీద వీవర్ 330ని ఎం73బి1 పేరుతో వాడింది. దాని కింద ఉన్నది కూడా ఈ రెడ్‌ఫీల్డ్ మౌంటే.

కొనే ముందు పరీక్షకి చిన్న టార్చ్ లైటు, భూతద్దం చాలు. స్కోపుని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ముందు అద్దం వైపు నుంచి లైటు ఏటవాలుగా వేసి, వెనక నుంచి చూస్తాను. తర్వాత అటుదిటు. సమంగా పరుచుకున్న మసక కనిపిస్తే అది సాధారణంగా లోపలి గ్రీజు ఆవిరై అద్దం మీద పేరుకున్నది, తుడిస్తే పోతుంది. సాలెగూడులా కొమ్మలు కొమ్మలుగా ఉంటే ఫంగస్. అంచు నుంచి లోపలికి పాకిన ఇంద్రధనుస్సు రంగుల మచ్చలు కనిపించాయంటే, రెండు అద్దాలని కలిపి అతికించిన కెనడా బాల్సమ్ అనే చెట్టు జిగురు విడిపోతోందని అర్థం. మొదటిది చిన్న పని. రెండోది అద్దం ఎంత తినేసిందన్న దాన్నిబట్టి ఉంటుంది. మూడోది అంచుకే పరిమితమైతే వదిలేయవచ్చు, మధ్యకి వచ్చిందంటే ధర సగానికి సగం తగ్గించి మాట్లాడాలి.

ముందు అద్దం మీది గీతలకి భయపడి మంచి స్కోపులు వదులుకునేవాళ్లున్నారు. ముందు అద్దం మీద నాలుగు గీతలున్నా చూస్తున్నప్పుడు అవి కనపడవు, ఎదురువెలుతురులో దృశ్యం కాస్త తెల్లబడుతుంది, అంతే. అదే క్రాస్‌హెయిర్ ఉన్న చోట ఒక్క ధూళి కణం పడితే నల్లటి రాయిలా కనిపిస్తుంది. దృశ్యం కేంద్రీకృతమయ్యే తలం అదే కాబట్టి అక్కడున్న ప్రతిదీ స్పష్టంగా తెలుస్తుంది. అమెరికన్ స్కోపుల్లో ఎక్కువగా సన్నని తీగలు ఉండేవి కనుక ధూళికి నిలిచే చోటు తక్కువ. క్రాస్‌హెయిర్‌ని గాజు బిళ్ల మీద గీసిన స్కోపుల్లో ఈ మచ్చల బాధ ఎక్కువ.

కోటింగ్ వయసు కూడా చెబుతుంది. ట్యూబ్‌లైటు కింద అద్దాన్ని అటూ ఇటూ వంచితే వచ్చే ప్రతిబింబం తెల్లగా ఉంటే కోటింగ్ లేదు. నీలం లేదా లేత ఊదా అయితే మెగ్నీషియం ఫ్లోరైడ్ ఒంటిపూత. అద్దానికి పూత పూసే పద్ధతికి జర్మన్ కంపెనీ జైస్‌లో పనిచేసిన స్మకులా పేటెంట్ 1935 నాటిది. మామూలు వేట స్కోపులకి పూత విస్తరించింది యుద్ధం తర్వాతే. ఆకుపచ్చ, ఎరుపు కలిసిన గాఢమైన రంగులు కనిపిస్తే అది బహుళపూత. 1940ల నాటి సైనిక స్కోపని చెప్పి అమ్ముతున్నదానికి అలాంటి మెరుపు ఉంటే నేను రెండో ప్రశ్న వేయకుండా పక్కన పెట్టేస్తాను. నక్షత్రం ఆకారపు గాడి ఉన్న స్క్రూలు, లేజర్‌తో కాల్చినట్టున్న నంబర్లు కూడా ఇదే కోవలోవి. సోవియట్ పియు, జర్మన్ జెడ్‌ఎఫ్4, అమెరికన్ ఎం84 సైనిక స్కోపులకి ఈ కాలంలో చేసిన నకళ్లు ఉన్నాయి. నకలుగా అమ్మితే తప్పులేదు, వాడుకోవడానికి పనికొచ్చేవీ ఉన్నాయి. అసలు ధరకి అంటగడితేనే గొడవ.

పూత లేకపోతే నష్టం ఎంత? గాజు, గాలి కలిసే ప్రతి తలం దగ్గరా 4 శాతం వెలుతురు వెనక్కి పోతుంది. అలాంటి తలాలు పది ఉన్న స్కోపులో కన్ను దాకా చేరేది మూడింట రెండు వంతులే. ఒంటిపూత ఉంటే తలానికి ఒకటిన్నర శాతం చొప్పున పోయి, 86 శాతం దాకా మిగులుతుంది. కానీ పోయిన వెలుతురు కంటే బాధపెట్టేది, లోపలే అటూ ఇటూ కొట్టుకుని దృశ్యం మీద పరుచుకునే వెలుతురు. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు పూతలేని స్కోపు పాలు కలిపినట్టు కనిపిస్తుంది. ముందు అద్దానికి నల్ల కాగితాన్ని గొట్టంలా చుట్టి నాలుగు అంగుళాలు ముందుకి పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

టరెట్ పరీక్ష అమ్మేవాళ్ల ముందే చేయాలి. స్కోపుని బల్ల మీద బరువు సంచుల మధ్య కదలకుండా ఆన్చి, దూరంగా ఉన్న గళ్ల గోడనో కిటికీ చువ్వలనో చూస్తూ టరెట్‌ని కొద్ది కొద్దిగా తిప్పుతాను. క్రాస్‌హెయిర్ వెంటనే, తిప్పినంతే జరగాలి. కాసేపు ఆగి ఒక్కసారిగా దూకితే లోపలి గ్రీజు గట్టిపడింది. ఒక వైపు బాగా జరిగి తిరుగు ప్రయాణంలో రాకపోతే ఎదురు స్ప్రింగ్ నీరసపడింది. గ్రీజు మన చేతిలో పని, స్ప్రింగ్‌కి విడిభాగం కావాలి. ఒక గడి పైకి, ఒకటి కుడికి, ఒకటి కిందికి, ఒకటి ఎడమకి జరిపితే క్రాస్‌హెయిర్ బయలుదేరిన చోటికే రావాలి. వచ్చిందంటే ఆ స్కోపు రైఫిల్ ఎక్కడానికి అర్హత ఉన్నదే.

విప్పడం విషయంలో నా నియమం ఒకటే: కనిపించే లోపం లేకపోతే విప్పను. విప్పాల్సి వస్తే ముందు అద్దం, ఐపీస్ (కన్ను పెట్టే వైపు అద్దం) వరకే. మధ్యలో ఉన్న క్రాస్‌హెయిర్ గూడు జోలికి పోను. తీగలు వెంట్రుక కంటే సన్నం, కొన్నిటిలో అవి సాలీడు పట్టు. అమెరికాలో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌కి చెందిన టి.కె. లీ బ్లాక్ విడో సాలీడు పట్టు మీద చుక్క నిలబెట్టి అమర్చిన క్రాస్‌హెయిర్లు ఇప్పటికీ లీ డాట్ పేరుతోనే చలామణి అవుతాయి. అలాంటి గొట్టంలోకి గాలిడబ్బాతో ఒక్క ఊదు ఊదితే పని అయిపోయినట్టే. రబ్బరు బుడ్డితో కూడా క్రాస్‌హెయిర్ వైపు ఊదకూడదు.

ముందు అద్దాన్ని పట్టి ఉంచే రింగుకి ఎదురెదురుగా రెండు గాట్లు ఉంటాయి. వాటికి సరిపడే రెండు మొనల స్పానర్ కావాలి. స్క్రూడ్రైవర్ మొనతో తోస్తే జారి అద్దం గీసుకుపోతుంది. రింగు మరల (స్క్రూ చుట్ల) మీద ఆ రోజుల్లో లక్క వార్నిష్ పూసేవారు. హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా, చెయ్యి ఆన్చగలిగినంత వేడి మాత్రమే చేసి కాసేపాగి తిప్పితే చాలాసార్లు వస్తుంది. అంతకు మించి వేడి చేస్తే బాల్సమ్ మెత్తబడి జత అద్దాలు జరుగుతాయి. రాకపోతే పుల్ల మొనతో ఒక్క చుక్క ఎసిటోన్ మర మీద పెట్టి ఆగాలి. తుప్పు వదిలించే నూనెలు స్ప్రే చేయకూడదు. అవి మర వెంట పాకి లోపలి అద్దాల మధ్యకి చేరతాయి, అప్పుడు లేని పని వచ్చి పడుతుంది.

అద్దం బయటికి తీసే ముందే దాని అంచు మీద పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టాలి, మొన ముందువైపు చూసేలా. గూటికి, అద్దానికి కలిపి ఇంకో గీత పెడితే తిరిగి అదే కోణంలో కూర్చుంటుంది. తలకిందులుగా పెట్టిన అద్దం కూడా గూట్లో చక్కగానే ఇముడుతుంది. దృశ్యం మధ్యలో బాగుండి అంచులు అలుక్కుపోయినప్పుడే తప్పు తెలుస్తుంది. పాత స్కోపు కొన్నాక అలాంటి దృశ్యం కనిపిస్తే, అంతకు ముందు దాన్ని ఎవరో విప్పి తిప్పి పెట్టారేమో చూడటం మంచిది.

శుభ్రం చేసేటప్పుడు ముందు బుడ్డి గాలి, తర్వాత మెత్తని బ్రష్, ఆ తర్వాతే తడి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని లెన్స్ కాగితానికి చుక్క అద్ది, మధ్య నుంచి అంచుకి సుడిగా తుడిచి ఆ కాగితం పారేయాలి. ఒక కాగితంతో రెండోసారి తుడిస్తే మొదటిసారి ఎత్తిన ఇసుకతో గీస్తున్నట్టే. తొలినాటి కోటింగులు మెత్తనివి, గట్టిగా రుద్దితే పూతే లేచిపోతుంది. ఫంగస్‌కి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంట్లో వాడే అమ్మోనియా సమపాళ్లలో అప్పటికప్పుడు కలిపి, గాలి ఆడే చోట, కాగితంతో కొద్ది నిమిషాలు అద్ది ఉంచి తుడుస్తాను. మూత బిగించిన సీసాలో ఆ మిశ్రమం దాచకూడదు. అతికించిన అద్దాల అంచుకి అది తగలనివ్వకూడదు. ఫంగస్ పోయినా అది తొలిచిన గాట్లు గాజు మీద మిగులుతాయి. వాటిని పోగొట్టాలని పాలిష్ పట్టిస్తే అద్దం వంపే మారిపోతుంది.

విడిపోయిన జత అద్దాల పని మాత్రం అద్దాలు బాగుచేసేవాళ్లకే ఇవ్వాలని నా అభిప్రాయం. పాత బాల్సమ్‌ని వేడితోనో ద్రావకంతోనో వదిలించి, అతినీలలోహిత వెలుతురుకి గట్టిపడే జిగురుతో తిరిగి అతికించడం చెప్పుకోవడానికి తేలికే. రెండు అద్దాలూ ఒకే అక్షం మీద కూర్చోకపోతే ప్రతి అంచుకీ ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం గీత వస్తుంది. జిగురు గట్టిపడ్డాక దాన్ని సరిచేసే దారి లేదు.

టరెట్ గ్రీజు మార్చడం తేలిక. మూత, అంకెల పళ్లెం, స్క్రూ వరసగా తీసి, స్క్రూ ఎన్ని చుట్లకి బయటికి వచ్చిందో రాసి పెట్టుకోవాలి. పాత గ్రీజుని ఆల్కహాల్‌తో కడిగి, ఆవిరి కాని గ్రీజు అగ్గిపుల్ల తలలో సగమంత చాలు. ఎక్కువ పెడితే ఎండలో కరిగి అద్దాల మీద మసకై తిరిగొస్తుంది. మూసే రోజు పొడిగా ఉండాలి. విడిభాగాలన్నిటినీ ముందు రాత్రి సిలికా జెల్‌తో మూత డబ్బాలో ఉంచి, ఉదయాన్నే బిగిస్తాను. గొట్టంలో నైట్రోజన్ నింపి మూసే పద్ధతి లూపోల్డ్ వంటి కంపెనీల చేతిలో యుద్ధం తర్వాతే వ్యాపించింది. అంతకు ముందువి గాలి పీల్చే స్కోపులే. వాటిని నీళ్లలో ముంచి బుడగల పరీక్ష చేయడమంటే నీళ్లు పోసుకోవడమే. చలిలోంచి వెచ్చని గదిలోకి తెచ్చేటప్పుడు సంచిలో మూసి ఉంచి, సంచి వేడెక్కాక తీస్తే లోపల మంచు పట్టదు.

ఇక అసలు పని, క్రాస్‌హెయిర్‌ని గొట్టం మధ్యకి తేవడం. గట్టి అట్టపెట్టెకి ఎదురెదురు గోడల్లో ఇంగ్లీషు వి ఆకారపు గాట్లు కోసి, స్కోపుని రింగులు వచ్చే చోట్ల ఆ గాట్లలో పడుకోబెడతాను. దూరంగా ఒక చుక్కని చూస్తూ, స్కోపుని దాని అక్షం మీదే మెల్లగా ఒక చుట్టు తిప్పితే క్రాస్‌హెయిర్ ఆ చుక్క చుట్టూ సున్నా చుడుతుంది. పైకి కిందికి ఎంత పోయిందో చూసి అందులో సగం టరెట్‌తో తగ్గించాలి, తర్వాత పక్కలకి. ఇలా మళ్లీ మళ్లీ చేస్తే సున్నా చిన్నదై, చివరికి స్కోపు తిరుగుతున్నా క్రాస్‌హెయిర్ ఒకేచోట నిలుస్తుంది. ఎంత చేసినా నిలవకుండా దృశ్యం మొత్తం ఊగుతుంటే గొట్టం వంగి ఉంది. గాజు పలక మీద దొర్లిస్తే ఆ వంపు కంటికే తెలుస్తుంది. వంగిన గొట్టాన్ని తిరిగి వంచి సరిచేయబోతే లోపలి గూళ్లు ఇరుక్కుంటాయి.

మధ్యలో నిలిచాక టరెట్ల జోలికి పోకుండా మౌంట్ మీదికి వెళ్లాలి. రైఫిల్ ఖాళీగా ఉందని చూసి, బోల్ట్ (బారెల్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) తీసి పక్కన పెట్టి, రైఫిల్‌ని ఇసుక సంచుల మీద నిలబెడతాను. బారెల్ లోంచి వెనక నుంచి చూస్తే 25 మీటర్ల దూరంలో ఉన్న గుండ్రటి గురి మధ్యలో కనిపించాలి. రైఫిల్ కదలకుండా ఇప్పుడు స్కోపులోంచి చూస్తే క్రాస్‌హెయిర్ ఎక్కడుందో, ఎంత దూరం తప్పిందో తెలుస్తుంది.

ఈ తేడాని పలుచని రేకు ముక్కలతో పూడ్చాలి. లెక్క సులువే: రింగుల మధ్య దూరం 125 మి.మీ. అయితే, 0.1 మి.మీ. రేకు 100 మీటర్ల దగ్గర గురిని 80 మి.మీ. జరుపుతుంది, 25 మీటర్ల దగ్గర 20 మి.మీ. వెనక బేస్ కింద రేకు పెడితే తూటా పైకి పడుతుంది, ముందు బేస్ కింద పెడితే కిందికి. పానీయాల అల్యూమినియం డబ్బా గోడ సుమారు ఈ మందంలోనే ఉంటుంది, కత్తెరతో తెగుతుంది. ఇత్తడి రేకు దొరికితే ఇంకా నయం. రేకుని రింగు లోపల గొట్టం కింద కాకుండా బేస్ కిందే పెట్టాలి. రింగులో పెడితే గొట్టం మీద ఒక గీత వెంటే ఒత్తిడి పడి సొట్ట పోతుంది. విడివిడి బేసులైతే ఒకటి ఎత్తినప్పుడు రెండు రింగుల వరస తప్పుతుంది కాబట్టి రింగుల లోపలి తలాలని గరుకు పేస్టుతో, ఇనుప కడ్డీతో కొద్దిగా సానబట్టాలి. ఇదంతా వద్దనుకుంటే బర్రిస్ సిగ్నేచర్ రింగులున్నాయి. వాటిలో గోళంలా తిరిగే ప్లాస్టిక్ తొడుగులుంటాయి, అక్షం తప్పిన తొడుగు జత వేస్తే రేకు పని తొడుగే చేస్తుంది, గొట్టానికి గీత కూడా పడదు. పాత స్కోపుకి కొత్త రింగేమిటని మొహం చిట్లించేవాళ్లుంటారు. వాడే స్కోపు మీద నాకు ఆ పట్టింపు లేదు.

రెడ్‌ఫీల్డ్ తరహా బేస్‌లో ముందు రింగు గాట్లో దిగి పావు చుట్టు తిరిగి కూర్చుంటుంది. దాన్ని తిప్పడానికి స్కోపునే పిడిగా వాడితే గొట్టం వంగుతుంది, కొత్త బేస్ బిగుతు అలాంటిది. గొట్టం మందానికి సరిపడే కర్రో ఇనుప కడ్డీయో రింగులో బిగించి దానితో తిప్పాలి. పక్కనుంచి వంగే పలుచని పట్టీతో బిగించే వీవర్ తరహా రింగుల్లో మరో చికాకు ఉంది: స్క్రూలు బిగిస్తుంటే పట్టీ స్కోపుని తనతో పాటు తిప్పేస్తుంది, నిటారుగా పెట్టిన క్రాస్‌హెయిర్ పక్కకి ఒరుగుతుంది. ముందే ఎదురు వైపుకి కొద్దిగా తిప్పి పెట్టుకుని బిగిస్తే చివరికి నిటారుగా వస్తుంది. దూరంగా దారానికి బరువు కట్టి వేలాడదీసి దానితో క్రాస్‌హెయిర్‌ని పోల్చుకోవచ్చు. బిగింపు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు చాలు. ముప్పావు అంగుళం గొట్టాలకి ఇంకా తక్కువ, కీ పొట్టి కొనని రెండు వేళ్లతో తిప్పితే ఆగినంత. బేస్ రైలు కొత్తదైతే గాడి వెడల్పు గమనించాలి: వీవర్ రకం రైలు గాడి 0.180 అంగుళం, పికాటిన్నీ రకానిది 0.206. వీవర్ రింగు పికాటిన్నీలో కూర్చుంటుంది, కానీ ముందుకి నెట్టి బిగించకపోతే మొదటి తూటాకే జరుగుతుంది.

కాల్చడం 25 మీటర్ల దగ్గరే మొదలుపెట్టాలి. అక్కడ ఒక ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 7.3 మి.మీ., 100 మీటర్ల దగ్గర 29 మి.మీ. మూడు తూటాల గుంపు మధ్యని చూసి సవరించాలి, ఒక్క తూటాని చూసి కాదు. పాత టరెట్లలో చాలావాటికి క్లిక్కులు (టక్కుమని ఆగే మెట్లు) ఉండవు, రాపిడితో నిలుస్తాయి. కొన్నిటికి తాళం స్క్రూ ఉంటుంది, అది వదులు చేయకుండా తిప్పితే అంకెల పళ్లెం మాత్రమే తిరుగుతుంది. కావలసిన గీత కంటే కొంత వెనక్కి వదిలి, మళ్లీ బిగించే దిశలో తిప్పుతూ గీత మీదికి రావాలి, ఎప్పుడూ అదే దిశలో. స్క్రూ ముందుకి నెట్టినప్పుడు కదలిక ఖాయం, వెనక్కి వదిలినప్పుడు స్ప్రింగ్ దయ. తర్వాత టరెట్ మీద స్క్రూడ్రైవర్ చెక్కపిడితో రెండుసార్లు తట్టి, ఒక తూటాని లెక్కలోకి తీసుకోకుండా కాల్చి, అప్పుడు కొత్త గుంపు వేయాలి. ఈ తట్టడం చాదస్తంలా కనిపిస్తుంది. అది లేకపోతే రెండో గుంపు ఒకచోట, మూడో గుంపు ఇంకోచోట పడి, మనిషి రోజంతా టరెట్ తిప్పుతూ కూర్చుంటాడు.

పారలాక్స్ కూడా ఇక్కడే తేలుతుంది. రైఫిల్‌ని సంచుల మీద వదిలి, తాకకుండా తల అటూ ఇటూ కదిపినప్పుడు క్రాస్‌హెయిర్ గురి మీద ఈదుతుంటే ముందు అద్దం దూరం ఆ దూరానికి కుదర్లేదని అర్థం. వేట స్కోపులని మామూలుగా 100 గజాల చుట్టూ కుదిర్చి పంపేవారు, అందుకే .22 (చిన్న తూటా) రైఫిల్‌తో 25 మీటర్ల దగ్గర కొద్దిగా ఈదడం సహజం. ముందు అద్దం గూటిని మర మీద కొంచెం కొంచెంగా తిప్పుతూ ఈత ఆగేచోట తాళం రింగు బిగించాలి. ఐపీస్ తిప్పి పారలాక్స్ సరిచేయాలని చూడటం వృథా. అది మన కంటికి క్రాస్‌హెయిర్ స్పష్టంగా కనపడటానికే.

గురి పోటీలకి వాడే టార్గెట్ స్కోపులది వేరే దారి. వించెస్టర్ ఎ5, ఫెకర్, లైమన్ టార్గెట్‌స్పాట్, ఉనర్ట్ల్ వంటివాటిలో గొట్టం లోపల ఏదీ కదలదు. వెనక మౌంట్‌లోని మైక్రోమీటర్ స్క్రూలు గొట్టం మొత్తాన్నే జరుపుతాయి. ఫెకర్ దగ్గర పనిచేసిన జాన్ ఉనర్ట్ల్ 1934లో సొంత కంపెనీ పెట్టాడు. ఆయన చేసిన, 8 రెట్లు పెద్దదిగా చూపే స్కోపుని అమెరికన్ మెరైన్లు రెండో ప్రపంచ యుద్ధంలోనూ, వియత్నాంలోనూ వాడారు. వీటిలో క్లిక్ విలువ బేసుల మధ్య దూరం మీద ఆధారపడుతుంది. ఒక క్లిక్ 0.0005 అంగుళం జరిపే స్క్రూకి, బేసులు 7.2 అంగుళాల దూరంలో ఉంటే 100 గజాల దగ్గర సరిగ్గా పావు అంగుళం. దూరం పెరిగితే క్లిక్ చిన్నదవుతుంది. ఎవరో బేసులు మార్చి బిగించిన రైఫిల్ మీద పావు అంగుళం లెక్క వేసుకుంటే గురి కుదరదు, స్కేలు పెట్టి కొలుచుకోవాలి.

వీటిలో ఇంకో సంగతి, కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది, స్కోపు ఉన్నచోటే ఉండి మౌంట్లలో ముందుకి జారినట్టవుతుంది. అది లోపం కాదు, సన్నని తీగలు తెగకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు. స్ప్రింగ్ లేని స్కోపుని ప్రతి తూటా తర్వాతా చేత్తో వెనక్కి లాగి ఆన్చాలి. మరిచిపోతే రెండో తూటాకి కంటి దూరం మారిపోతుంది. గొట్టం మీద నూనె పూసి, పొడి గుడ్డతో తుడిచేయాలి. తడిగా వదిలితే దుమ్ము పట్టి జారడం ఆగుతుంది.

సైనిక స్కోపుల్లో మౌంట్, రైఫిల్, స్కోపు ఒకే జతగా పుట్టినవి ఎక్కువ. బ్రిటిష్ నం.32 స్కోపుని మొదట బ్రెన్ మెషిన్ గన్ కోసం తయారుచేసి, తర్వాత నం.4(టి) స్నైపర్ రైఫిల్‌కి ఇచ్చారు. బ్రాకెట్ మీద రైఫిల్ నంబరు, రైఫిల్ మీద స్కోపు నంబరు కొట్టేవారు. ఆ రెండూ కలిసిన జతని విడదీయడం కంటే పెద్ద పాపం ఈ వ్యాపకంలో లేదు. ఎం1సి గారండ్ రైఫిల్‌లో తూటాల క్లిప్ పైనుంచి దిగాలి కాబట్టి స్కోపుని ఎడమ పక్కకి జరిపి పెట్టారు, చెంప ఆనడానికి తోలు మెత్త కట్టారు. ఆ మెత్త లేకుండా కాలిస్తే మెడ వంచిన కోణం ప్రతిసారీ మారి గుంపు అడ్డంగా పరుచుకుంటుంది.

సోవియట్ పియు 3.5 రెట్లు, పొడవు 169 మి.మీ., ఎత్తు సవరించే డ్రమ్ (పై టరెట్) 1300 మీటర్ల దాకా. దీనిలోనూ క్రాస్‌హెయిరే కదులుతుంది కాబట్టి ముందు మౌంట్‌తో మధ్యకి తెచ్చి, 100 మీటర్ల దగ్గర గురి కుదిరాక, డ్రమ్ మీది రెండు చిన్న స్క్రూలని తీయకుండా వదులు మాత్రమే చేసి అంకెల చక్రాన్ని 1 మీదికి తిప్పి బిగించాలి. ఆ స్క్రూలు పూర్తిగా బయటికొస్తే గడ్డిలో దొరకవు. జర్మన్ తరహా మూడు ముల్లుల క్రాస్‌హెయిర్‌లో అడ్డ ముల్లుల మధ్య ఖాళీ 100 మీటర్లకి 70 సెం.మీ. అని గుర్తుంటే దూరం అంచనా కూడా వేసుకోవచ్చు.

వాడుకలో నేను పాటించే హద్దులు కొన్ని. తీగ క్రాస్‌హెయిర్ ఉన్న ముప్పావు అంగుళం స్కోపులు .22 మీదే. ఎక్కువ తన్ను ఉన్న రైఫిల్ మీద అంగుళం స్టీలు గొట్టం, కంటికి కనీసం 75 మి.మీ. దూరం ఇచ్చేవి. అసలు రంగు ఎంత మాసినా కొత్త నలుపు వేయించను. తోలు మూతలు, డబ్బా, కాగితాలు స్కోపుతోనే ఉంటాయి, కానీ తోలు సంచిలో స్కోపు నిల్వ ఉంచను, తోలు తేమని పట్టి ఉంచి ఫంగస్‌కి ఇల్లవుతుంది. తేమ 40, 50 శాతం మధ్య నిలిచే మూత డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్, చిన్న తేమ మీటరు. డబ్బా మూత లోపల ఒక చీటీ: గొట్టం మందం, రింగుల మధ్య దూరం, ఏ బేస్ కింద ఎంత మందం రేకు పెట్టింది, మధ్య నుంచి టరెట్లు ఏ వైపు ఎంత తిరిగి ఉన్నాయి.